పులివెందుల షెడ్డుల్లో పుట్టే ఐడియాలు ఎవరి పేరు మీద నమోదవుతున్నాయి?

2025 ఆగస్టులో పులివెందుల పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. కారణం జెడ్పీటీసీ ఉప ఎన్నిక. 12న పోలింగ్, 14న ఫలితం. ఆ కొన్ని రోజులూ టీవీల్లో వేరే ఊరే లేనట్టు నడిచింది. అదే నెల 20న మంగళగిరిలో ఇంకొక కార్యక్రమం జరిగింది. రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రారంభించారు. కొత్త ఆలోచన ఉన్న సామాన్యుడు కూడా వ్యాపారం మొదలుపెట్టేలా చేయి అందించడం దీని ఉద్దేశమని, కుటుంబానికి ఒక పారిశ్రామికవేత్త తయారు కావాలని ప్రభుత్వం చెప్పింది. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దీనికి ప్రాంతీయ కేంద్రాలు పెట్టారు. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకు దగ్గరివి అనంతపురం, తిరుపతి. మొదటి వార్త మీద టీ కొట్ల దగ్గర ఎన్ని గంటల వాదనలు జరిగాయో అందరికీ తెలుసు. రెండోది ఎన్ని ఇళ్లలో మాటల్లోకి వచ్చిందన్నది ఆలోచించాల్సిన విషయం.

స్టార్టప్ అనగానే లాప్‌టాప్, ఇంగ్లిష్‌లో మాట్లాడే కుర్రాడు, పెద్ద నగరం కళ్ల ముందుకొస్తాయి. పులివెందుల ప్రాంతంలో కొత్త వస్తువు పుట్టే తీరు వేరు. వెల్డింగ్ షెడ్డులో, మోటార్ వైండింగ్ కొట్టులో, ట్రాక్టర్ మెకానిక్ దగ్గర, మగ్గం గుంట పక్కన పుడుతుంది. ఈ పనుల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అరటి రైతో, చీనీ రైతో షెడ్డుకు వస్తాడు. "భాయీ, ఈ గుంటక సాలుల మధ్య పట్టడం లేదు, ఏదైనా చెయ్యి" అంటాడు. మెకానిక్ సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీస్తాడు, పాత బైకు చైనూ స్ప్రాకెట్టూ వెతుకుతాడు. రెండు రోజుల్లో పనిముట్టు పొలంలోకి పోతుంది. ఆ గీతలు సాయంత్రం షెడ్డు ఊడ్చేటప్పుడు చెరిగిపోతాయి. వచ్చే సీజన్‌కు పక్క ఊరి షెడ్డులో అదే పనిముట్టు, కొంచెం తక్కువ ధరకు దొరుకుతుంది. మొదట చేసినవాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు. ఆయన కూడా "ఏముందిలే, చిన్న పనే కదా" అనుకుంటాడు.

అది నిజంగా చిన్న పనేనా?

యాదాద్రి జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ చాలామందికి సినిమాగా తెలుసు. 2019లో వచ్చింది. అసలు సంగతి సినిమా కంటే ఉపయోగపడేది. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు దారాన్ని కొయ్య మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు నాలుగైదు గంటలు, చేయి వేల సార్లు కదలాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మల్లేశం తల్లి లక్ష్మికి భుజాలు పట్టేసేవి. హైస్కూలు చదువు కూడా పూర్తిచేయని ఆ కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. ముక్కలు ముక్కలుగా చేశాడు. డబ్బు అయిపోయింది, ఊళ్లో నవ్వారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ పనికి కుదిరాడు. బాలానగర్‌లో ఒక చోట వైరింగ్ పనికి వెళ్తే అక్కడ తిరుగుతున్న ఒక మెషిన్ కదలికలో తనకు ఏళ్ల తరబడి దొరకని ముక్క కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథలో జనం మెచ్చుకునేది పట్టుదలను. కానీ 1999కీ 2017కీ మధ్య ఏం జరిగిందన్నదే అసలు పాఠం. హైదరాబాద్‌లోని పల్లె సృజన అనే సంస్థ ఆయన్ను వెతికి పట్టుకుంది. దీన్ని నడిపించినవారు సైన్యం నుంచి రిటైరైన బ్రిగేడియర్ పోగుల గణేశం. ఊళ్లలో కాలినడకన తిరుగుతూ ఇలాంటి వాళ్లను వెతికే 'చిన్న శోధయాత్ర'లు చేస్తారు. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కూడా తోడైంది. ఇది 2000లో ఏర్పడింది, కేంద్ర సైన్స్ టెక్నాలజీ శాఖ కింద పనిచేస్తుంది. యంత్రానికి పేటెంటు వచ్చింది. మల్లేశం చేతిలో మొదటి నుంచీ తెలివి ఉంది. లేనిది ఆ తెలివిని కాగితం మీదకు ఎక్కించే మనిషి. కడప జిల్లాలో ఇప్పటికీ పెద్ద కొరత అలాంటి మనిషికే.

ఇంకొక పేరు ముస్లిం కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాల్సినది. కర్ణాటక ధార్వాడ జిల్లా అన్నిగెరిలో ఉండే రైతు అబ్దుల్ ఖాదర్ నడకట్టిన్. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. చిన్నప్పుడు పొద్దున్నే మెలకువ వచ్చేది కాదట. అలారం గడియారం తాళానికి దారం కట్టి, ఆ దారం చివర నీళ్ల సీసా వేలాడదీశారు. అలారం తిరిగి తాళం కదిలితే సీసా వంగి నీళ్లు ముఖాన పడతాయి! ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది కానీ, ఆ బుర్రే తర్వాత చింతపండు గింజ తీసే యంత్రం, విత్తనం ఎరువు కలిపి వేసే గొర్రు, దుక్కి బ్లేడ్లు తయారుచేసే మెషిన్ చేసింది. వర్షం తక్కువ, ఉప్పు నీళ్లు ఉన్న భూమిలో చింత తోట పెట్టారు. కాయ బాగానే వచ్చింది. గింజ తీయడానికి ఆడవాళ్లు రోజుల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. అక్కడి నుంచే యంత్రం ఆలోచన. కడప జిల్లాలో ఎండాకాలం వస్తే ఎన్ని ఇళ్ల వసారాల్లో అమ్మీలు, నానీలు చింతపండు కుప్ప ముందు కూర్చుంటారో చెప్పనక్కర్లేదు.

మల్లేశం యంత్రం తల్లి భుజం నొప్పితో మొదలైంది. నడకట్టిన్ యంత్రం ఆడకూలీల వేళ్ల దగ్గర మొదలైంది. సమస్యను మొదట చూసేది, ఇలా చేస్తే బాగుంటుందని మొదట అనేది చాలాసార్లు ఆడవాళ్లే. వెల్డింగ్ మెషిన్ మాత్రం మగవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే యంత్రం తయారయ్యేసరికి దాని మీద మగవాడి పేరే నిలుస్తుంది. కుట్టు మెషిన్ మీద కాజా తొందరగా కుట్టడానికి తనకు తానే ఒక చిన్న అమరిక చేసుకున్న దర్జీ పని ఆడపిల్ల దాన్ని ఐడియా అనే అనుకోదు.

2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' హిందీ సినిమా చూసినవాళ్లకు స్కూటర్‌తో నడిచే పిండిమర, సైకిల్ తొక్కితే గుర్రం వెంట్రుకలు కత్తిరించే మెషిన్, తొక్కితే బట్టలు ఉతికే యంత్రం గుర్తుండే ఉంటాయి. మూడూ నిజమైనవే. పిండిమర చేసింది జల్‌గావ్‌లో పెయింటింగ్ పని చేసే షేక్ జహంగీర్. గుర్రం మెషిన్ మీరట్ దగ్గరి మంగలి మహమ్మద్ ఇద్రీస్‌ది. ఉతికే యంత్రం కేరళ అమ్మాయి రెమ్యా జోస్‌ది. మూడింటిలో రెండు ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవే. అయినా ఇళ్లలో పిల్లలకు హీరో డైలాగులు వచ్చు, ఆ ఇద్దరి పేర్లు రావు.

ఇక డబ్బు, చట్టం సంగతికొద్దాం. పేటెంటు అంటే లక్షల ఖర్చు అనే భయం ఉంది. వకీలును పెట్టుకుంటే ఖర్చే, కాదనలేం. కానీ ప్రభుత్వ ఫీజు అంత కాదు. కంపెనీ కాకుండా మామూలు మనిషి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే 1,600 రూపాయలు, పరీక్షించమని కోరడానికి 4,000. పెద్ద కంపెనీలకు ఇవే 8,000, 20,000. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తాయి. పని ఇంకా సగంలో ఉన్నా ప్రొవిజనల్ దరఖాస్తు వేసి తేదీ పట్టుకోవచ్చు, పూర్తి వివరాలు 12 నెలల్లోపు ఇస్తే సరిపోతుంది. పేటెంటు వస్తే 20 ఏళ్లు. వస్తువు ఆకారానికి, రూపానికి మాత్రమే రక్షణ కావాలంటే డిజైన్ రిజిస్ట్రేషన్ ఇంకా చౌక. రైతు తన పొలంలో ఎంపిక చేసి నిలబెట్టుకున్న రకం ఉంటే 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు.

కుర్రాళ్లు ఎక్కువగా పడే గుంత ఒకటుంది. వస్తువు తయారవగానే వీడియో తీసి యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో పెట్టేస్తారు. లక్ష వ్యూస్ వస్తాయి, అభినందనలు వస్తాయి. పేటెంటుకు ఉండాల్సిన మొదటి లక్షణం కొత్తదనం. దరఖాస్తుకు ముందే అందరూ చూసేలా బయటపెట్టిన వస్తువు చట్టం దృష్టిలో మామూలుగా కొత్తది కాదు, పెట్టింది దాన్ని తయారుచేసినవాడే అయినా సరే. గుర్తింపు పొందిన ప్రదర్శనల్లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ రీల్ వాటిలో లేదు. రీల్ చూసి ఇంకో రాష్ట్రంలో ఫ్యాక్టరీవాడు అచ్చు వేసుకుంటే అడిగే హక్కు ఉండదు. ముందు తేదీ పట్టుకోవాలి, తర్వాతే కెమెరా.

ఇక్కడ చట్టంలోనే ఒక వెలితి ఉంది. షెడ్డుల్లో పుట్టే వాటిలో ఎక్కువ భాగం పూర్తి పేటెంటు స్థాయికి చేరవు. ఉన్నదాన్ని తెలివిగా మార్చినవే ఎక్కువ. జర్మనీ, జపాన్, చైనాల్లో ఇలాంటి చిన్న మెరుగుదలలకు 'యుటిలిటీ మోడల్' అని తక్కువ కాలపు, సులువైన రక్షణ ఉంది. భారత్‌లో లేదు. 2011లో కేంద్రం దీని మీద చర్చాపత్రం పెట్టింది, చట్టం మాత్రం రాలేదు. ఇన్నోవేషన్ హబ్బులు కట్టే ప్రభుత్వాలు ఈ విషయాన్ని అడగాల్సిన చోట అడిగితే వేల షెడ్డులకు మేలు.

అన్నిటికీ రక్షణ కావాలా అన్నది వేరే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న కూడా. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాకు చెందిన మన్సుఖ్‌భాయ్ జగానీ కరువు కాలంలో ఎద్దులు లేక బుల్లెట్ బండికే గుంటక కట్టాడు. 'బుల్లెట్ సాంతీ' అంటారు. భారత్‌లోనూ అమెరికాలోనూ పేటెంటు వచ్చింది. అయితే అలాంటి బండ్లు ఊరూరా చిన్న మెకానిక్కులు చేసుకుని వాడుతూనే ఉన్నారు, రైతుకు మంచే జరిగింది. ఈ సామాన్యుల ఆవిష్కరణలను వెతకడం మొదలుపెట్టిన అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్ అనిల్ గుప్తా తన సంస్థకు 'హనీ బీ నెట్‌వర్క్' అని పేరు పెట్టింది అందుకే. తేనెటీగ తేనె తీసుకుంటే పువ్వుకు నష్టం లేదు, పైగా పుప్పొడి ఇంకో పువ్వుకు చేరుతుంది. పక్క షెడ్డువాడు చూసి చేసుకోవడం వేరు, పెద్ద కంపెనీ ఎత్తుకుపోయి అమ్ముకోవడం వేరు. మొదటిదాన్ని ఆపక్కర్లేదు. రెండోదాన్ని ఆపాలంటే మాత్రం కాగితం ఉండాలి.

జుగాడ్‌ను గుడ్డిగా పొగడటం కూడా మంచిది కాదు. అడవిపందుల బెడద భరించలేక రైతులు రకరకాలు చేస్తారు. పాత చీరలు కంచెలా కట్టడం, గాలికి మోగే సీసాలు, ఫ్యాను రెక్కకు కట్టిన పళ్లెం, రాత్రంతా అరిచే మైకు. ఇవన్నీ సరే. తీగకు నేరుగా కరెంటు పెట్టేవాళ్లూ ఉన్నారు. దానివల్ల మనుషులు, పశువులు పోయిన కేసులు రెండు రాష్ట్రాల్లోనూ ఏటా వింటూనే ఉన్నాం. ఐడియా పనిచేసిందా అన్న ప్రశ్నతో పాటు దాని పక్కన నిలబడ్డవాడు క్షేమమా అని కూడా చూడాలి. షెడ్డులో చేసిన దానికి ఇంజనీరింగ్ చదివినవాళ్ల పరీక్ష అవసరమయ్యేది ఇక్కడే.

ప్రభుత్వ పథకాల పేర్లు చాలానే ఉన్నాయి, కానీ గడులు సరిపోవడం లేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు ఉన్నాయి. కమ్మరి, వడ్రంగి, కంసాలి, దర్జీ, మేస్త్రీ, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు. బైకు మెకానిక్ లేడు. మోటార్ వైండింగ్ చేసేవాడు లేడు. వెల్డర్‌కు ప్రత్యేకంగా చోటు లేదు. దూదేకే పని కూడా జాబితాలో లేదు. అంటే పులివెందుల, ప్రొద్దుటూరు షెడ్డుల్లో రోజూ కొత్త పనిముట్లు చేసే చేతులకు 'చేతివృత్తి' గుర్తింపే లేదన్నమాట. జాబితాలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా దర్జీ పని చేసే ఆడవాళ్లు, ఇంకో సంగతి గమనించాలి. ఈ పథకంలో 5 శాతం వడ్డీకి అప్పు ఉంది, మొదట లక్ష, తర్వాత 2 లక్షలు. వడ్డీ అనగానే చాలా కుటుంబాలు మొత్తం పథకాన్నే వదిలేస్తున్నాయి. కానీ శిక్షణ రోజులకు ఇచ్చే 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం ఇచ్చే 15,000 అప్పు కావు. అప్పు వద్దనుకున్నా మిగతావి తీసుకోవచ్చు.

పిల్లల విషయంలో పరిస్థితి కొంచెం ఆశ కలిగించేదే. కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ప్రతి స్కూలూ విద్యార్థుల నుంచి ఐదు ఐడియాలు ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోకే వస్తాయి. కానీ పేరు పంపాల్సింది స్కూలు. ఉర్దూ మీడియం స్కూలైనా, తెలుగు మీడియమైనా, హెడ్‌మాస్టర్ కంప్యూటర్ తెరవకపోతే ఆ పిల్లాడి ఆలోచన క్లాసు గది దాటదు. తల్లిదండ్రులు స్కూలుకు వెళ్లినప్పుడు మార్కుల గురించి అడుగుతారు. "ఈ ఏడు మానక్‌కు ఎవరి ఐడియాలు పంపారు సార్?" అని కూడా అడిగితే స్కూళ్లలో కదలిక వస్తుంది.

వస్తువులే కాదు, సమాజానికి పనికొచ్చే ఏర్పాట్లూ ఐడియాలే. వీటికి పేటెంటు ఉండదు, ఉండకూడదు కూడా. హైదరాబాద్ దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి రోజూ ఆకలిగొన్నవాళ్లకు భోజనం పెడుతున్న అజహర్ మఖ్సూసీ పీఓపీ పని చేసుకునే మామూలు మనిషి. రైల్వే స్టేషన్ దగ్గర ఆకలితో ఏడుస్తున్న ఒక వికలాంగ మహిళను చూసి మొదలుపెట్టారు. ఎవరు ఏ మతమని అడిగేది లేదు. అదే నగరంలో ఎన్‌ఎస్ కుంటలోని మస్జిదె ఇస్‌హాఖ్‌లో 2018లో అందరికీ ఉచిత ఆరోగ్య కేంద్రం తెరిచారు. మస్జిద్‌లో స్థలం ఉంది, బస్తీలో డాక్టర్ లేడు, రెండూ కలిపారు. రాయలసీమ లాంటి కరువు ప్రాంతంలో ఇంతకంటే సులువైనదీ ఒకటుంది. రోజుకు ఐదుసార్లు వుజూ చేసిన నీళ్లు మురుగు కాలువలోకి పోతున్నాయి. వాటిలో పెద్దగా మలినం ఉండదు. చిన్న పైపు వేసి చెట్లకో ఇంకుడు గుంతకో మళ్లించడానికి ఒక ప్లంబర్‌కు ఒక రోజు పని. బోర్లు ఏటికేడు లోతుకు పోతున్న చోట ప్రతి మస్జిద్ కమిటీ ముందూ పెట్టదగ్గ ప్రతిపాదన ఇది.

మళ్లీ మల్లేశం దగ్గరికి. ఆయనకు దొరికిన 'కాగితం రాసే మనిషి' పులివెందులలో దొరకడం నిజంగా అంత కష్టమా? ఊళ్లోనే జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 2006 నుంచి. కొంచెం దూరంలో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. చివరి ఏడాది విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టు కోసం ఇంటర్నెట్ వెతుకుతుంటారు. మార్కెట్లో రెడీమేడ్ ప్రాజెక్టులు కొనేవాళ్లూ ఉన్నారు, దాచి లాభం లేదు. అదే నలుగురు విద్యార్థులు ఒక షెడ్డుకు వెళ్లి, మెకానిక్ చేసిన పనిముట్టు కొలతలు తీసి, డ్రాయింగ్ వేసి, బలం ఎంత, ప్రమాదం ఎక్కడ అని పరీక్షిస్తే రిపోర్టూ నిజమైనది అవుతుంది, మెకానిక్ చేతిలో దరఖాస్తుకు కావాల్సిన కాగితమూ ఉంటుంది. అనంతపురం, తిరుపతి కేంద్రాల వాళ్లు షెడ్డువాడు తమ దగ్గరికి వస్తాడని ఎదురుచూస్తే రాడు. ఒక రోజు షెడ్డు మూస్తే ఆ రోజు కూలి పోతుంది. వాళ్లే నెలకోసారి పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రావాలి. తెలుగులో రాసుకోవాలి, ఉర్దూలో చెప్తే వినాలి.

ఈలోపు ఇళ్లలో చేయగలిగింది ఒకటుంది. ఐదు పది రూపాయల నోట్‌బుక్. సుద్దముక్కతో నేల మీద గీసిందే అందులోనూ గీసి, తేదీ వేసి, ఫోటో తీసి పెట్టుకోవడం. ఎవరి ఇబ్బంది చూసి మొదలుపెట్టారు, ఎవరు ఏ సలహా ఇచ్చారు, ఏ భాగం ఎవరు మార్చారు అన్నీ రాయడం. పేటెంటు దరఖాస్తు మొదటి ఫారంలో ఆవిష్కర్త పేరు రాసే చోట ఒక్క పేరే రాయాలన్న నియమం లేదు. చేయి ఎక్కడ నొప్పి పెడుతుందో చూపించి, మెషిన్ పిడి ఇక్కడ కాదు అక్కడ ఉండాలని చెప్పి మార్పించిన భార్య పేరు, ఆ ఆలోచన యంత్రంలో నిలిచి ఉంటే, అందులో రెండో వరుసలో రాయొచ్చు. మొదటి వరుసలోనూ రాయొచ్చు.